జీతం ఆగినా మాట ఆగకూడదు

గల్ఫ్‌లో ఫోర్‌మన్ బతుకు అడకత్తెరలో పోకచెక్క. పైన సైట్ ఇంజినీరు, ఆయన పైన ముదీర్, కింద ఇరవై మంది మనవాళ్లు. పని జోరుగా ఉన్న రోజుల్లో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఓవర్‌టైమ్ పడుతుంటుంది, నెల మొదట్లో జీతం వస్తుంది, సెలవు రోజు ఎక్స్‌ఛేంజ్ ముందు లైను కట్టి ఇంటికి పంపుకుంటారు. పని తగ్గి, జీతం ఒక నెల ఆగి, రెండో నెల కూడా ఆగినప్పుడు అందరి కళ్లూ ఫోర్‌మన్ మొహం మీదే ఉంటాయి. "అన్నా, కంపెనీ ఉంటదా, పోతదా?" అని అడుగుతారు. ఆ జవాబు ఫోర్‌మన్‌కూ తెలియదు. తెలియనప్పుడు ఏం చెప్పాలి, మనుషుల్ని ఎట్లా నిలబెట్టాలి అన్నది ఎవరూ నేర్పరు.

మేం నలుగురం తెలుగు ఫోర్‌మన్లం. ఇద్దరిది జగిత్యాల వైపు, ఒకరిది ఆర్మూర్ దగ్గర, ఒకరిది తూర్పు గోదావరి. దుబాయ్‌లో ఒకే కంపెనీలో, సోనాపూర్‌లో ఒకే క్యాంపులో ఉండి షట్టరింగ్, స్టీల్, కాంక్రీట్, ప్లాస్టరింగ్ గ్యాంగులు నడిపాం. 2009 నాటి మాంద్యాన్ని నలుగురం కలిసి దాటాం. 2020 నాటి కరోనాను ముగ్గురం చూశాం. ఈ మధ్య మన తమ్ముళ్లు చాలామంది చార్జిహ్యాండ్లు, ఫోర్‌మన్లు అవుతున్నారని వింటున్నాం. వాళ్లకు పనికొస్తుందని నలుగురం ఫోన్‌లో మాట్లాడుకుని, గుర్తున్నవన్నీ కలిపి రాస్తున్న సంగతులివి.

ముందు 2008 సంగతి. ఆ ఏడాది జులైలో బ్యారెల్ చమురు 147 డాలర్లకు పోయింది. దుబాయ్‌లో ఎటు చూసినా టవర్ క్రేన్లే. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. డిసెంబరుకల్లా చమురు 40 డాలర్ల కిందికి దిగింది. అమెరికాలో బ్యాంకు మునిగితే సోనాపూర్‌లో మన జీతం ఎందుకు ఆగుతుందని మా వాళ్లు అడిగేవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. ఆనాటి బిల్డింగులు చాలావరకు అప్పుల మీద, ముందే అమ్ముకున్న ఫ్లాట్ల వాయిదాల మీద లేస్తున్నాయి. బ్యాంకులు అప్పులు ఆపేశాయి. కొన్నవాళ్లు వాయిదాలు ఆపేశారు. డెవలపర్ కాంట్రాక్టరుకు ఆపాడు, కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకు ఆపాడు, అతను మనకు ఆపాడు. పై మడికి నీళ్లు లేకపోతే కింది మడికి ఎక్కడివి? ఈ మాట చెప్తే చదువు లేనివాళ్లకు కూడా తేలిగ్గా అర్థమైంది. అర్థమయ్యాక ఇంజినీరును తిట్టడం సగం తగ్గింది.

జీతాల కన్నా ముందు పుకార్లు వస్తాయి. ఒకడు బాత్రూమ్ దగ్గర "ముదీర్ పారిపోయిండట" అంటాడు. భోజనాల వేళకు అది "కంపెనీకి తాళం పడింది" అవుతుంది. రాత్రికి ఊళ్లో భార్యకు తెలుస్తుంది, తెల్లారేసరికి వడ్డీకిచ్చినాయన ఇంటి ముందు కూర్చుంటాడు. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి గురువారం రాత్రి భోజనాలయ్యాక మెస్ హాల్లో అందరం కూర్చునేవాళ్లం. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీసి పెట్టాం. మొదటిది ఆఫీసు చెప్పింది, రెండోది మేం కళ్లతో చూసింది, మూడోది విన్నది. ఏ మాట వచ్చినా ముందు అది ఏ గడిలోదో తేల్చి రాసేవాళ్లం.

ఆఫీసు గడి చాలా వారాలు ఖాళీగానే ఉండేది. అయినా "ఈ వారం ఆఫీసు ఏమీ చెప్పలేదు" అని పైకి చదివేవాళ్లం. రెండో గడిలోనే అసలు సరుకు ఉండేది. రెడీమిక్స్ బండ్లు రోజుకు ఎన్ని వచ్చాయి, పక్క సైట్‌లో క్రేన్ దింపుతున్నారా, స్టీల్ యార్డులో రాడ్ ఎన్ని టన్నులుంది, ఓవర్‌టైమ్ ఏ గ్యాంగుకు ఆపారు... ఇవన్నీ పని చేసేవాడికి ఆఫీసు కన్నా ముందే కనిపిస్తాయి. అవి చూస్తే రాబోయే నెల ఎట్లా ఉంటుందో కొంతవరకు తెలుస్తుంది. రెండు నెలలు గడిచేసరికి మూడో గడి దానంతటదే చిన్నదైంది. విన్న మాట తెచ్చేవాడే "ఇది మూడో గడిది అన్నా" అని ముందే చెప్పి మొదలుపెట్టేవాడు.

ఈ గురువారం కూర్చోవడం గురించి ఒక ఇంజినీరు మమ్మల్ని పిలిచి, యూనియన్ పెడుతున్నారా అని అడిగాడు. ఆ దేశంలో యూనియన్లకు, సమ్మెలకు చోటు లేదని మాకూ తెలుసు. బుక్కు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాం. చదివించుకుని, కాసేపు చూసి తిరిగిచ్చాడు. ఆ తర్వాతి వారం నుంచి మొదటి గడిలో రాసుకోమని తనే ఒకటో రెండో ముక్కలు చెప్పడం మొదలుపెట్టాడు.

జీతం ఆగిన రోజుల్లో ఫోర్‌మన్ ముందుగా తెలుసుకోవలసింది మనుషుల అప్పులు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని అడిగాం. ఏజెంటుకు ఎంత ఇచ్చావు, ఎవరి దగ్గర తెచ్చావు, వడ్డీ ఎంత, ఇంకా ఎంత మిగిలింది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్లే ఎక్కువ. వచ్చి ఏడు నెలలే అయిన ఒక హెల్పర్‌కు లక్ష రూపాయల అప్పు అట్లాగే ఉంది. నెలకు మూడు వేలు వడ్డీయే. ఆ కుర్రాడు పగలు నవ్వుతూ తిరిగేవాడు, రాత్రి నిద్రపోయేవాడు కాదు. రూమువాళ్లు చెబితే గాని మాకు తెలియలేదు.

నిద్రలేనివాణ్ని పదో అంతస్తులో షట్టరింగ్ మీద నిలబెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పని తక్కువున్న కాలంలో ప్రమాదాలు కూడా తక్కువ ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. మా అనుభవం అది కాదు. చెయ్యి పనిలో ఉంటుంది, మనసు ఊళ్లో ఉంటుంది. అందుకే పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్, బెల్టు అడిగినట్టే "రాత్రి పడుకున్నావా?" అని కూడా అడిగేవాళ్లం. లేదన్నవాడికి ఆ రోజు కింద పని, రాడ్ సర్దడమో, పలకలకు నూనె రాయడమో ఇచ్చేవాళ్లం. ఇది ఇంజినీరుకు చెప్పే చేశాం. ఆయనకూ ప్రమాదం అక్కర్లేదు కదా.

తిండి సంగతి కూడా అంతే ముఖ్యం. ఎవరి వంట వాళ్లు చేసుకునే రూములన్నీ కలిపి ఒకటే మెస్ చేశాం. దాచుకున్న డబ్బు ఉన్నవాడు బియ్యం సంచి తెచ్చాడు, లేనివాడు వంట చేశాడు, గిన్నెలు కడిగాడు. ఎవరు ఎంత పెట్టారో లెక్క రాశాం, జీతాలు వచ్చాక తీర్చుకున్నాం. దానం అంటే తినడానికి సిగ్గుపడేవాడు కూడా లెక్క ఉంది అంటే కడుపునిండా తిన్నాడు.

ఇక అసలు కష్టం 2009 ఫిబ్రవరిలో వచ్చింది. మమ్మల్ని నలుగురినీ ఆఫీసుకు పిలిచి, ఒక్కో గ్యాంగు నుంచి ఐదుగురి పేర్లు రాసివ్వమన్నారు. మొత్తం ఇరవై మందిని ఇంటికి పంపుతారట. మూడు రోజులు గడువు. పేర్లు బయటికి పొక్కవద్దన్నారు. ఆ రాత్రి క్యాంపుకు వచ్చే బస్సులో మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

రాయం అని మొండికేస్తే ఆఫీసువాళ్లే టైమ్‌షీట్ చూసి నంబర్ల మీద గీత గీస్తారు. ఏడు నెలల కుర్రాడు ముందు పోతాడు. రాస్తే మన చేతితో మన మనిషి అన్నం తీసినట్టవుతుంది. రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం. చివరికి, పేర్లు చెప్పవద్దన్నారు గాని లెక్క చెప్పవద్దనలేదు కదా అని ఒకరన్నారు. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఇరవై మంది పోవాలి, పేర్లు ఇంకా లేవు, ఎల్లుండిలోగా ఇవ్వాలి. పోవడానికి ఇష్టం ఉన్నవాళ్లు ఉంటే ముందు వాళ్లు చెప్పండి అన్నాం.

హాలు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. బిడ్డ పెళ్లి కుదిరినవాడు, షుగరు ముదిరి నిలబడలేకపోతున్న ప్లాస్టరింగ్ మేస్త్రీ, అప్పు తీరి రెండేళ్లు దాటినవాడు, తండ్రి మంచాన పడ్డవాడు... పదకొండు మంది. ఏడు నెలల కుర్రాడి రూములో ఉండే పెద్దాయన కూడా లేచాడు. "నాకు ఎకరంన్నర పొలం ఉంది, బోరు ఉంది. పిలగానికి ఏముంది? వాని పేరు రాయకుండ్రి" అన్నాడు. ఇంకా తొమ్మిది మంది కావాలి. అప్పు తీరనివాణ్ని తియ్యకూడదు అన్నది మొదటి కట్టుబాటు. ఒక పనికి ఉన్న ఒక్క పనిమంతుణ్ని తియ్యకూడదు అన్నది రెండోది. వాడు పోతే పని ఆగి మిగిలినవాళ్లకూ ముప్పే. మా చుట్టాలని చెప్పి ఎవరినీ ఆపకూడదు అన్నది మూడోది. ఈ మూడూ అందరి ముందు చదివి, అందరూ సరే అన్నాకే రాశాం. మాలో ఒకరి సొంత బామ్మర్దికి అప్పు లేదు. అతని పేరు పదహారోది. ఆ ఇంటామె ఆరు నెలలు భర్తతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఇరవైమందిలో మా అందరికీ ఇష్టమైనవాళ్లు ఉన్నారు. చక్కగా పని చేసేవాళ్లు ఉన్నారు. జాబితా న్యాయంగా రాస్తే బాధ ఉండదనుకునేవాళ్లు ఎప్పుడూ జాబితా రాసి ఉండరు.

పేర్లు ఇచ్చిన నాలుగో రోజు ఆఫీసు నుంచి ఇరవై కాగితాలు వచ్చాయి. సంతకం పెడితే లెక్క తేలుస్తామన్నారు. కాగితం ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లిష్. మా క్యాంపులో అరబ్బీ చదవగలిగిన హైదరాబాదు పాతబస్తీ డ్రైవరు అన్న ఒకాయన ఉండేవాడు. ఆయన రెండువైపులా చదివి, "ఇది రాజీనామా కాగితం మియా" అన్నాడు. కంపెనీ తీసేస్తున్నట్టు అందులో ఎక్కడా లేదు. మనిషే తన ఇష్టంతో మానేస్తున్నట్టు ఉంది.

ఆ ఒక్క ముక్కలో ఎంత ఉందో చూడండి. ఆనాటికి అమల్లో ఉన్నది 1980 నాటి యూఏఈ కార్మిక చట్టం. దాని ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం గ్రాట్యుటీ. అన్‌లిమిటెడ్ కాంట్రాక్టులో ఉన్న మనిషిని కంపెనీ తీసేస్తే పూర్తిగా ఇవ్వాలి. తానే మానేస్తే, సర్వీసు ఒకటి నుంచి మూడేళ్లలోపు ఉన్నవాడికి మూడో వంతు, మూడు నుంచి ఐదేళ్లలోపు ఉన్నవాడికి మూడింట రెండు వంతులే వస్తుంది. 800 దిర్హముల మూల వేతనంతో నాలుగేళ్లు చేసినవాడికి 2,240 దిర్హములు రావాలి. రాజీనామా అయితే 1,493. తేడా 747 దిర్హములు. ఆనాటి రేటులో పదివేల రూపాయలకు దగ్గర. టికెట్ కూడా ఎవరు కొనాలన్న పేచీ వస్తుంది.

మేం ఇరవైమందికీ ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాం. ఎవరూ అరవద్దు, పని ఆపవద్దు, సంతకం మాత్రం పెట్టవద్దు అన్నాం. కాగితాలన్నీ తీసుకుని మేం నలుగురమే ఆఫీసుకు వెళ్లాం. "వీళ్లు పోనని అనడం లేదు సార్. పొమ్మంటున్నది కంపెనీ కాబట్టి ఆ మాటే కాగితంలో ఉండాలి. అంతే" అన్నాం. మీరు ఎవరి మనుషులని అడిగారు. కంపెనీ పని చేయించే మనుషులం, రేపు మిగిలిన అరవై మందితో కూడా మేమే పని చేయించాలి, ఈ ఇరవైమందికి ఏం జరిగిందో ఆ అరవైమందీ చూస్తున్నారు అని చెప్పాం. రెండు రోజులు కబురు లేదు. మూడో రోజు కాగితాలు మారి వచ్చాయి. డ్రైవరన్న మళ్లీ చదివి సరే అన్నాకే సంతకాలు పడ్డాయి. గ్రాట్యుటీ, టికెట్ వచ్చాయి. ఆగిన జీతంలో ఒక నెలది మాత్రం వాళ్లు ఊరికి వెళ్లిన ఆరు వారాలకు గాని ముట్టలేదు. దానికోసం ప్రతి గురువారం బుక్కులో వాళ్ల పేర్లు చదువుతూనే ఉన్నాం.

ఆ ఏడాది నవంబరులో దుబాయ్ వరల్డ్ తన అప్పుల చెల్లింపుకు ఆరు నెలల వ్యవధి అడిగింది. మళ్లీ కోతలు మొదలయ్యాయి. డిసెంబరు జాబితాలో మా నలుగురిలో ఒకరి పేరు ఉంది. ఆరోజు ఆఫీసులో ముందు నిలబడి మాట్లాడినవారే. కారణం అడిగితే పని తగ్గిందన్నారు. కాగితం మాత్రం సరిగ్గానే రాసిచ్చారు. ఆయన వెళ్లిన కొన్ని రోజులకే, 2010 జనవరి 4న బుర్జ్ దుబాయ్‌ని బుర్జ్ ఖలీఫా అని పేరు మార్చి ప్రారంభించారు. బాణసంచా క్యాంపు మేడ మీది నుంచి చూశాం. ఆయన ఇప్పుడు ఆర్మూర్ దగ్గర పసుపు వేసుకుంటున్నారు. ఇది రాస్తున్నప్పుడు, మళ్లీ అదే పరిస్థితి వస్తే అట్లాగే చేస్తారా అని అడిగాం. "కాగితం చదవకుండ సంతకం పెట్టిస్తనా?" అన్నారు.

2020 వచ్చేసరికి ముగ్గురం మిగిలాం. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. క్యాంపులో రూముకు ఎనిమిది మంది, ఒకరికి దగ్గు వస్తే ఎనిమిది మందికీ గుండె దడ. పుకార్లకు వాట్సాప్ రెక్కలు వచ్చాయి. మెస్ హాల్లో కూర్చోవడానికి లేదు కాబట్టి మూడు గళ్ల పద్ధతిని ఫోన్‌లోకి మార్చాం. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒకటే వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లం. చెప్పింది, చూసింది, విన్నది. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాక, టికెట్ ముందు ఎవరికి అన్న ప్రశ్నకు కూడా పాత కట్టుబాటే పనికొచ్చింది. ముందు జబ్బు ఉన్నవాళ్లు, తర్వాత ఇంట్లో ఆపద ఉన్నవాళ్లు.

అప్పుడు కూడా ఒక కాగితం వచ్చింది. కార్మికుడు ఒప్పుకుంటే జీతం తగ్గించుకోవడానికి కంపెనీలకు 2020 మార్చిలో ప్రభుత్వం వీలు కల్పించింది. తగ్గింపు తాత్కాలికం కావచ్చు, శాశ్వతం కావచ్చు. రెంటికీ కాగితం మీద ఒక్క మాటే తేడా. గ్రాట్యుటీని చివరి మూల వేతనం మీద లెక్కగడతారు కాబట్టి శాశ్వతం అన్నచోట సంతకం పెడితే పదేళ్ల కష్టం కూడా తగ్గిన జీతం మీదే లెక్కకొస్తుంది. మా వాళ్లు తాత్కాలికం అన్న మాట, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్న తేదీలు చూసుకునే సంతకం పెట్టారు. పదకొండేళ్ల కిందటి అలవాటు అది.

ఇప్పుడు చట్టం కొంత మారింది. యూఏఈలో 2009లో జీతాలు బ్యాంకు ద్వారా చెల్లించే పద్ధతి వచ్చింది కాబట్టి జీతం ఆగితే ప్రభుత్వానికి కూడా కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, ఏడాది సర్వీసు దాటినవాడు రాజీనామా చేసినా గ్రాట్యుటీలో కోత లేదు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో లెక్క తేల్చాలి. 2023 జనవరి 1న ఉద్యోగం పోయినవాళ్లకు బీమా వచ్చింది. కనీసం పన్నెండు నెలలు ప్రీమియం కట్టి ఉంటే, మూల వేతనంలో 60 శాతం మూడు నెలల దాకా ఇస్తారు. అయితే తానే రాజీనామా చేసినవాడికి ఈ బీమా రాదు. చూశారా, కాగితంలో ఏం రాశారన్నది ఇప్పటికీ ముఖ్యమే. సౌదీలో సంగతి వేరు. అక్కడ రెండేళ్లలోపు రాజీనామా చేస్తే సర్వీసు డబ్బు ఏమీ రాదు, ఐదేళ్ల దాకా మూడో వంతే, పదేళ్ల దాకా మూడింట రెండు వంతులు.

కొత్త ఫోర్‌మన్ తమ్ముళ్లకు మేం చెప్పేది ఇంతే. మీకు తెలిసింది ఎంత చిన్నదైనా వారానికోసారి కూర్చోబెట్టి చెప్పండి, తెలియనిది తెలియదనే చెప్పండి. ఎవరి నెత్తి మీద ఎంత అప్పు ఉందో తెలుసుకోండి. తెలిసింది మీ కడుపులోనే పెట్టుకోండి. జీతం లేదని ఎవడైనా ఖల్లివెల్లి అయిపోతానంటే తిట్టకండి, పారిపోయినవాడు ఏమేం పోగొట్టుకుంటాడో కాగితం మీద లెక్క వేసి చూపించండి. జాబితా రాయక తప్పకపోతే ముందు కట్టుబాటు రాయండి, ఆ తర్వాతే పేర్లు రాయండి. అరబ్బీ చదవగలిగినవాళ్లతో స్నేహం చేసుకోండి.

మీ గ్యాంగులో తెలుగు చదవడం రానివాళ్లు ఉంటారు. ఈ సెలవు రోజు రూములో ఇది వాళ్లకు చదివి వినిపించండి. గ్రాట్యుటీ లెక్క దగ్గర కాస్త ఆగి, ఎవరి జీతం పెట్టి వాళ్ల లెక్క వేసి చూపించండి.